మంచు ఆరకముందు కోసిన ఆకులు

మా ల్యాబ్ ఫ్రిజ్‌లో మనుషులు ఉండేవారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఈ మాట చెబితే ఒక అడుగు వెనక్కి వేసేవారు. నిజానికి అవి గాజు ట్యూబులు. ఒక్కో ట్యూబులో బంగాళాదుంప రసంతో కాచిన జిగురు, దాని మీద బూడిదరంగు బూజు. మొక్కజొన్నకి ఆకు ఎండు తెగులు తెచ్చే బూజు అది. ఏ రైతు చేలో కోసిన ఆకులోంచి దాన్ని తీశామో ఆ రైతు పేరు ట్యూబు మీద రాసేవాళ్ళం. పద్ధతి ప్రకారమైతే నంబర్లు వెయ్యాలి. కానీ మా ల్యాబ్ అటెండరు వీరబ్రహ్మానికి నంబర్లు గుర్తుండవు, మనుషులు గుర్తుంటారు. "లాజరు ఎండిపోతన్నాడండి, కొత్త ట్యూబులోకి మార్చాలి" అనేవాడు. "తణుకు రాముడు బాగా నల్లబడ్డాడండి" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఇరవై మూడు మంది ఉండేవారు ఆ ఫ్రిజ్‌లో. 2002 జనవరి దాకా ఆ ఫ్రిజ్‌లో చేరినవాళ్ళంతా బయట కూడా బతికే ఉన్నారు.

నా పేరు ఉమాశ్రీ. మొక్కల తెగుళ్ళ శాస్త్రవేత్తని. అప్పుడు రాజమండ్రి బ్రిడ్జి దాటాక పడమటి గట్టున ఉన్న మొక్కజొన్న కేంద్రంలో పనిచేసేదాన్ని. పని ఎక్కువ, కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఇది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా అంటే వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని.

ఫ్రిజ్‌లో అందరిలోకీ పెద్దది తల్లి ట్యూబు. దాని మీద మాత్రం ఎవరి పేరూ లేదు. నాకంటే ముందు పనిచేసినాయన 1991లో తెచ్చిపెట్టిన తెగులు అది. కొత్త హైబ్రిడ్ విత్తనం ఏది వచ్చినా దాని మీద మొదట ఈ తల్లి తెగులునే ఎక్కిస్తాం. ఉడికించిన జొన్నల మీద ఆ బూజుని పెంచి, ఆరబెట్టి, పొడి చేసి, మొక్క సుడిలో చిటికెడు వేసి నీళ్ళు చల్లుతాం. మొక్క తట్టుకుంటే ఆ విత్తనం రైతుకి ఇవ్వచ్చు. తట్టుకోకపోతే పక్కన పెడతాం.

ఇందులో ఒక చిక్కుంది. తెగులుని ట్యూబులోంచి ట్యూబులోకి మారుస్తూ పోతే దాని పదును పోతుంది. ఇంట్లో పెరుగు తోడు చూడండి. అదే తోడు నెలల తరబడి వాడితే పెరుగు సాగుతుంది, చివరికి తోడుకోవడమే మానేస్తుంది. అప్పుడు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాం. తెగులుకి పక్కిల్లు పచ్చని మొక్క. ఏడాదికోసారి దాన్ని ట్యూబులోంచి తీసి బతికున్న మొక్కకి ఎక్కించాలి. ఆ మొక్క జబ్బు పడ్డాక దాని ఆకులోంచి మళ్ళీ ట్యూబులోకి తీసుకోవాలి. అలా చేస్తేనే పరీక్షకి పనికొస్తుంది.

ఆ పని నవంబరులో చెయ్యాలి. వీరబ్రహ్మం అయ్యప్ప మాల వేసేదీ నవంబరులోనే. నల్లబట్టలు, చన్నీళ్ళ స్నానం, నేల పడక. దీక్షలో ఉన్నన్నాళ్ళూ చీమని కూడా చూసి అడుగేసేవాడు. 1997లో ఒకరోజు నా గది గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"మేడం గారండి, మాలలో ఉండి పచ్చని మొక్కకి జబ్బు అంటించాలంటే చెయ్యి రావట్లేదండి."

నాకు జాలేసింది. మా ఇంట్లోనూ కార్తీక మాసమంటే అమ్మ పెరట్లో ఆకు కూడా తుంచనిచ్చేది కాదు. "పోనీలెండి స్వామీ. ఈ ఏడాదికి ట్యూబులోంచి ట్యూబులోకి మార్చేయండి. ఒక్క ఏడాదికి ఏం కొంప మునగదు" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. మాల తీసేసరికి జనవరి సగం అయిపోతుంది, అప్పటికి పొలంలో పరీక్షలు మొదలైపోయి ఉంటాయి. రిజిస్టరులో ఎప్పటిలాగే "మొక్క మీద ఎక్కించి తీయడమైనది" అని రాసి తెచ్చాడు. నేను సంతకం పెట్టాను. మరుసటి ఏడు కూడా అడిగాడు, సరేనన్నాను. ఆ తర్వాత అడగడమూ మానేశాడు, నేను గుర్తుంచుకోవడమూ మానేశాను. అలా అయిదేళ్ళు గడిచాయి.

అందులో నాలుగో ఏడాది మా దగ్గరికి ఒక కొత్త హైబ్రిడ్ పరీక్షకి వచ్చింది. మేం నాలుగో నంబరు అనేవాళ్ళం. తల్లి తెగులు ఎక్కిస్తే ఆకు మీద ఆవగింజంత మచ్చలు తప్ప ఏమీ రాలేదు. నేను సంబరపడిపోయాను. ఇలాంటి పరీక్షల్లో ఇట్టే జబ్బు పడే పాత రకం ఒకటి పక్కనే వేస్తాం, తెగులు సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలియడానికి. ఆ ఏడాది ఆ పాత రకం కూడా పెద్దగా మాడలేదు. అది చూసినప్పుడే నాకు అనుమానం రావాలి. "ఈ ఏడు చలి తక్కువ, తెగులు ముదరలేదు" అని కాగితం మీద రాసుకుని ముందుకు వెళ్ళిపోయాను. మరుసటి ఏడు రబీలో, విత్తనం విడుదలకి ముందు, పన్నెండు మంది రైతులకి తలో సంచీ ఇచ్చాం. వాళ్ళలో ఒకడు చిట్టియ్య.

చిట్టియ్య గోదావరి మధ్యలో పేరయ్యలంకలో ఉండేవాడు. పల్లంరాజు గారనే ఆసామి పొలం రెండెకరాలు కౌలుకి చేసేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి. చదువు రాదు. విత్తనం సంచీ మీద అచ్చువేసిన సూచనలు భార్య నూకరత్నం చేత చదివించుకుని, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. జానెడు దూరం అని రాసి ఉంటే జానతో కొలిచి విత్తేవాడు. లంకలో అందరూ ఆయన్ని ఇందుకే ఆటపట్టించేవారట.

జనవరి రెండో వారంలో ఆయన నా గదికి వచ్చాడు. చేతిలో పాలిథిన్ సంచీ. "మేడం గారండి, ఓసారి చూడండి. చేను కాలిపోతందండి" అని బల్ల మీద పెట్టాడు. లోపల ఆకులు చెమట పట్టి, ముద్దయిపోయి, కుళ్ళు కంపు కొడుతున్నాయి. ఆ వారంలోనే నాలుగో నంబరు మీద నా రిపోర్టు పంపాలి. దానికి ఆకు ఎండు తెగులు రాదని అప్పటికే టైపు కొట్టించి పెట్టుకున్నాను.

"యూరియా ఎంత వేశారు?" అన్నాను.

"సంచీ మీద ఎంత రాసుంటే అంతేనండి."

"అంతే వేస్తే ఇలా ఎందుకు మాడతాయి? ఎక్కువ పడి ఉంటుంది."

"లేదండి. మా ఆవిడ చదివిందండి, నేను తూకం వేసి చల్లేనండి."

గోడవారగా కుర్చీలో పల్లంరాజు గారు కూర్చుని ఉన్నారు. మట్టి పరీక్ష కాగితం కోసం వచ్చారు. ఆయన ముందు నా విత్తనాన్ని ఒక కౌలు రైతు తప్పు పట్టడం నాకు నచ్చలేదు. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, చేసేదంతా చేసి విత్తనాన్ని అంటే ఎలాగండీ? ఈ విత్తనానికి ఆ తెగులు రాదు. తప్పు మీ చేతిలోనే ఉంది" అన్నాను. పల్లంరాజు గారు చిన్నగా నవ్వారు. చిట్టియ్య తల దించుకున్నాడు గానీ కదల్లేదు.

"పోనీ ఇంకోసారి ఆకులు తెస్తానండి. చూస్తారా అండి?"

"ఇలా కుళ్ళబెట్టి తెస్తే ఏం చూస్తాం? పొద్దున్నే మంచు ఆరకముందు కొయ్యండి. తడిగుడ్డలో పెట్టి, అరటాకులో చుట్టి, వాడిపోకముందు నా బల్ల మీదుండాలి. అప్పుడు చూద్దాం."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు.

నిజం చెప్పేస్తాను. ఆ కుళ్ళిన ఆకులు చాలు. అంగుళం ముక్క కోసి, కడిగి, తడి కాగితం మీద పెడితే నాలుగు రోజుల్లో విషయం తెలిసిపోయేది. నాకు ఆ నాలుగు రోజులు ఇష్టం లేకపోయింది. ఆయన్ని అప్పటికి పంపించెయ్యడానికి ఆ మాట అన్నాను. ఆయన వెళ్ళాక పాలిథిన్ సంచీని చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కున్నాను.

మూడో రోజు పొద్దున గోదావరి మీద మంచు కమ్మేసింది. బస్సులు లైట్లు వేసుకుని వస్తున్నాయి. నేను ఆఫీసులో టీ తాగుతుండగా వీరబ్రహ్మం వచ్చాడు. మెడలో మాల ఇంకా ఉంది.

"పేరయ్యలంక నుంచి వచ్చే మొదటి నావని ఇసుక పడవ గుద్దేసిందంటండి. మంచులో కనపడలేదంట. అందరూ ఈదుకుంటా వచ్చేరంట. ఒక మనిషి పోయేడంటండి."

ఎవరు అని నేను అడగలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. మూడు రోజుల తర్వాత దిగువన తుంగలో చిట్టియ్య దొరికాడు.

పెద్దకర్మ అయిన నాలుగో రోజున నూకరత్నం వచ్చింది. సన్నటి మనిషి, నీరసంగా ఉంది గానీ కంట నీరు లేదు. చంకలోంచి ఒక అరటాకు పొట్లం తీసి నా బల్ల మీద, సరిగ్గా మధ్యలో పెట్టింది. ఆకు ఎండి గోధుమరంగులోకి వచ్చింది, అరటినారతో కట్టిన ముడులు మాత్రం గట్టిగానే ఉన్నాయి.

"నీళ్ళ మీద తేలతా ఉంటే నావ సరంగు తీసేడండి. మీకియ్యాలని తెల్లారకుండా లేచి కోసేడండి ఆయన. మంచు ఆరకూడదన్నారంట కదండీ మీరు. అందుకే మొదటి నావ ఎక్కేడండి. ఎండ తగలకుండా చూరులో పెట్టేనండి నేను."

నేను ముడులు విప్పలేకపోయాను. వీరబ్రహ్మం విప్పాడు. లోపల ఎర్రగళ్ళ కండువా, దాని మడతల్లో వరసగా పేర్చిన ఏడు ఆకులు. ఒక్కటి కూడా నలగలేదు.

"కండువా మాత్రం ఇచ్చెయ్యండి" అంది ఆవిడ. ఇచ్చేశాం.

అది చేతిలోకి తీసుకున్నాక అసలు మాట చెప్పింది. "పల్లంరాజు గారు పొలం వదిలెయ్యమంటన్నారండి. మా చెయ్యి పడితే చేను మాడిపోద్దంటన్నారండి. తప్పు మా ఆయన చేతిలోనే ఉందని మీరే అన్నారంట. ఉగాదికి పొలం ఇంకొకరికి ఇచ్చేస్తారంట. ఆకు చూసి చెప్పండి. తప్పుంటే వదిలేస్తానండి. లేకపోతే లేదని పల్లంరాజు గారి ముందే చెప్పండి."

చెబుతానని మాటిచ్చాను. అప్పటికి ఆ మాటకి ఎంత బరువుందో నాకు తెలియదు.

ఆకుల మీద మచ్చలు జానెడు పొడవున ఉన్నాయి. మధ్యలో వెడల్పు, రెండు చివరలా సన్నం. ఈ తెగులు మచ్చని పాఠాల్లో పడవ ఆకారం అని రాస్తారు. నేనే ఎన్నో శిక్షణ తరగతుల్లో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అయిదో రోజున బూజు మొలిచింది. గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూస్తే దాని బీజాలు కూడా అలాగే ఉంటాయి, రెండు చివరలా సన్నంగా. వెలుగులో తేలుతున్నట్టు కనిపిస్తాయి. పదేళ్ళుగా చూస్తున్న వాటిని ఆ రోజు ఒక్క నిమిషం కంటే ఎక్కువ చూడలేక లేచిపోయాను.

వీరబ్రహ్మం ట్యూబు పట్టుకుని నిలబడ్డాడు. "పేరేం రాయమంటారండి?"

"ఎవరి చేలో ఆకైతే వాళ్ళ పేరు. కొత్తేముంది?"

"పోయినోడి పేరు తెగులుకి పెట్టకూడదేమోనండి."

"రాయండి" అని కసిరాను. రాశాడు. ఆ పూట నుంచి ఫ్రిజ్ తలుపు తీసే ముందు చిన్నగా గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు, లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "చిట్టియ్యని వెనక వరసలో పెట్టేనండి. పొద్దున చూస్తే ముందుకొచ్చేడండి" అన్నాడు. ముందుకు తెచ్చింది నేను. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు దాన్ని తీసి, పట్టుకుని, చూసి, ఎక్కడ పడితే అక్కడ పెట్టి వెళ్ళేదాన్ని. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆ నెలలో మంచు పట్టిన ప్రతి పొద్దుటా నా గది గుమ్మంలో "మేడం గారండి" అని వినిపించేది. తలెత్తితే ఎవరూ ఉండేవారు కాదు. నా చెవుల పొరపాటని నాకు తెలుసు, అయినా ప్రతిసారీ తలెత్తేదాన్ని.

నాలుగో నంబరు మొక్కలు కుండీల్లో పెంచాం. కొన్నిటికి తల్లి తెగులు, కొన్నిటికి చిట్టియ్య. కొన్నిటికి ఏమీ వెయ్యలేదు. ఎక్కించడమంతా నేనే చేశాను. ఈలోగా జీపు వేసుకుని తణుకు చుట్టుపక్కలా, పాలకొల్లు దారిలో మెరక చేలల్లో, మరో మూడు లంకల్లో తిరిగి తాజా ఆకులు తెచ్చాను. ఒక్కో చోట ఒక్కో తీరు. ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా, ఒకటి దూదిలా లేచేది, ఒకటి జిగురుని అంటిపెట్టుకుని ఉండేది. మొక్క మీదా అంతే. కొన్ని పాత రకాన్ని మాడ్చి నాలుగో నంబరుని వదిలేశాయి. లంకల్లోవి మాత్రం నాలుగో నంబరు మీదే విరుచుకుపడ్డాయి. ఇన్నేళ్ళూ ఆకు ఎండు తెగులంటే ఒక్కటే అనుకుని, ఆ ఒక్కటీ మా ఫ్రిజ్‌లో ఉందని ధీమాగా ఉన్నాను.

పన్నెండో రోజున తల్లి తెగులు వేసిన మొక్కల మీద మళ్ళీ ఆవగింజంత మచ్చలే. చిట్టియ్య వేసిన మొక్కల మీద జానెడు పొడవు పడవలు. మూడు వారాలకి ఆకులు కాగితాల్లా ఎండి గాలికి గలగలమన్నాయి. ఏమీ వెయ్యని కుండీలో ఒక మొక్కకి కూడా పై ఆకు మీద ఒకే ఒక్క మచ్చ వచ్చింది.

"దానికి మీరేం వెయ్యలేదు కదండీ" అన్నాడు వీరబ్రహ్మం.

"బీజాలు గాలికి ఎగిరి పడతాయి. మామూలే."

"ఆయ్. గాలికేనండి" అన్నాడు, నమ్మకుండా. నేను కూడా ఆ కుండీ వైపు వీపు పెట్టి నిలబడలేకపోయేదాన్ని.

మాల తీసేశాక ఆయన మెడ బోసిగా ఉంది. ఆ ఎండిన ఆకుల్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఒక్క మొక్కకి జబ్బు అంటించనని పట్టుబట్టేనండి. ఎన్ని చేలు పోయేయో చూడండి. మనిషి కూడా పోయేడు. తప్పు నాదండి" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"మీరు అడిగారు. వద్దని చెప్పాల్సింది నేను" అన్నాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఎంత పంచినా నా వాటా తగ్గలేదు.

కేంద్రం అధిపతి రామచంద్రమూర్తి గారు మంచివారు. నన్ను కూతురిలా చూసేవారు. నేను జరిగిందంతా చెప్పి బల్ల మీద పరిచిన ఆకుల్ని కళ్ళజోడు సవరించుకుని చూశారు. "ప్రకృతిలో తేడాలుండవా అమ్మా? ఏవో నాలుగు లంకల్లో ఉంది. మిగతా జిల్లా అంతా నీ విత్తనం బాగానే ఉంటుంది. వచ్చే నెల విడుదల. రైతులే అడగనప్పుడు నీకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నారు.

"అడిగారండి. అడిగినాయన పోయాడు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పాత పరీక్ష తప్పంటే ఎందుకు తప్పో చెప్పాలి. చెబితే రిజిస్టరు తియ్యాలి. తీస్తే అందులో చేతిరాత వీరబ్రహ్మానిది. జూన్‌లో రిటైరవుతాడు. ఆలోచించుకో" అన్నారు.

రెండు రోజులు ఆలోచించాను. చిట్టియ్యకి న్యాయం చేస్తే వీరబ్రహ్మం పెన్షను పోతుంది. వీరబ్రహ్మాన్ని కాపాడితే చిట్టియ్య భార్య పొలం పోతుంది, రేపు ఎన్నో చేలు పోతాయి. భయం కూడా వేసింది, లేదనను. నా ఉద్యోగం, నా పేరు, ఇన్నేళ్ళ చదువు. చివరికి ఉత్తరం రాశాను. నాలుగో నంబరు లంక తెగులుకి నిలబడదు, నా పరీక్ష చెల్లదు. 1997 నుంచి తల్లి తెగులుని మొక్క మీద ఎక్కించవద్దని చెప్పింది నేను, రిజిస్టరులో అలా రాయమన్నదీ నేనే. అందులో చివరి మాట ఒక్కటే అబద్ధం. రాయమని నేను చెప్పలేదు, రాసింది చదవకుండా సంతకం పెట్టాను. రెండింటికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

విత్తనం విడుదల ఆగిపోయింది. నాకు మెమో వచ్చింది, తర్వాత బదిలీ వచ్చింది. వీరబ్రహ్మం జూన్‌లో దండ వేయించుకుని, అందరికీ స్వీట్లు పంచి రిటైరయ్యాడు.

ఉగాదికి వారం ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో నావ ఎక్కి పేరయ్యలంక వెళ్ళాను. వీరబ్రహ్మం తోడొచ్చాడు. నావలో కూర్చున్నంతసేపూ నేను నీళ్ళ వైపు చూడలేదు. రేవులో పాక కింద పల్లంరాజు గారు, మరో పదిమంది రైతులు ఉన్నారు. నూకరత్నాన్ని పిలిపించాను. ఆమె వచ్చి, దూరంగా నిలబడింది.

"చిట్టియ్య గారి చేను మాడింది తెగులు వల్ల. ఆయన తప్పు ఏమీ లేదు. ఆ విత్తనం మంచిదని ఇచ్చిన తప్పు నాది" అన్నాను.

పల్లంరాజు గారు నొసలు ముడిచారు. "ఆ రోజు ఆయన చేతిలోనే తప్పుందని మీరే అన్నారు కదండీ, నా ముందే?"

"అన్నాను. తెలియకుండా అన్నాను. ఆకు చూడకుండా అన్నాను."

ఆయన నూకరత్నం వైపు తిరిగి, "అయితే పొలం నువ్వే చేసుకో అమ్మా. నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ఎవరో "చిట్టియ్య తూకం తప్పేవాడు కాదండి" అన్నారు. ఇంకెవరో అవునన్నారు. వీళ్ళే కదా ఆయన్ని ఆటపట్టించింది అనుకున్నాను, అలా అనుకునే అర్హత నాకు లేదని వెంటనే గుర్తొచ్చింది.

నూకరత్నం మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చింది. దండెం మీద ఎర్రగళ్ళ కండువా ఉతికి ఆరేసి ఉంది. గ్లాసు అందిస్తూ అడిగింది.

"ఒక మాటండి. ఆయన మొదటిసారి సంచీలో ఆకులు తెచ్చేడు కదండీ. అయి సరిపోవా అండి?"

వీరబ్రహ్మం నా వైపు చూశాడు. సరిపోవు అని ఒక్క మాట అంటే చాలు. ఆమెకీ తేలిక, నాకూ తేలిక. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"సరిపోతాయి" అన్నాను.

ఆమె వెళ్ళి కండువా తీసి, అంచులు కలిపి మడత పెట్టింది. ఇంకోసారి విప్పి మళ్ళీ మడత పెట్టింది. నేను చేతిలో మజ్జిగ గ్లాసుతో అలాగే కూర్చున్నాను. తిడితే బాగుండునని అనిపించింది.

"ఆయన పేరు మీ దగ్గర సీసా మీద ఉందంట కదండీ" అంది చివరికి. "వీరబ్రహ్మం గారు చెప్పేరు."

"ఉంది."

"తీసెయ్యండి. ఆయన పేరు తెగులుకొద్దు."

"ఈ రోజే తీసేస్తాను."

"తీసేసి మీ పేరు పెట్టుకోండి" అంది. కోపం లేదు ఆ గొంతులో. విత్తనం ఎంత లోతులో వెయ్యాలో చెబుతున్నట్టు చెప్పింది.

ఆ సాయంత్రం నేనే తడిగుడ్డతో పాత పేరు తుడిచి, కొత్త పేరు రాశాను. వీరబ్రహ్మం పక్కన నిలబడి చూశాడు. ఆ రోజు ఫ్రిజ్ తలుపు తీస్తూ ఆయన గొంతు సవరించుకోలేదు.

ఇది జరిగి ఏడేళ్ళయింది. నేను ఎక్కడికి బదిలీ అయినా ఆ ట్యూబు నాతోనే వస్తోంది. కొత్త విత్తనాల పరీక్షకి ఇప్పుడు తల్లి తెగులు ఒక్కటే కాదు, పద్నాలుగు వాడుతున్నాం. ప్రతి రిపోర్టులో పెద్ద పట్టిక ఉంటుంది. ఒక్కో తెగులు పేరు, ఎదురుగా అది ఎంత ఉద్ధృతమో ఉంటుంది. ఉమాశ్రీ అన్న పేరు ఎదురుగా "అతి తీవ్రం" అని ఉంటుంది. మొన్న సమావేశంలో ఒక కుర్ర శాస్త్రవేత్త అది చూసి, "ఏంటి మేడం, తెగులుకి కూడా మీ పేరే పెట్టేసుకున్నారా!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవంబరులో దాన్ని మొక్కకి ఎక్కించే పని ఇంకెవరికీ ఇవ్వను. ఈసారి కూడా నేనే ఎక్కించాను. పన్నెండో రోజున, మంచు ఆరకముందు వెళ్ళి ఆకు కోశాను. జానెడు పొడవున మచ్చ, మధ్యలో వెడల్పు, రెండు చివరలా సన్నం. పదును ఏమీ తగ్గలేదు.